మార్మన్ యువ మిషనరీ వారచర్య: గోదావరి డెల్టా నేపథ్యం

మార్మన్ మిషనరీ వారచర్య అంటే యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము తరఫున పూర్తికాలం సువార్త సేవకు వెళ్లిన యువతీయువకులు తమను పంపిన ఊళ్లో సోమవారం నుంచి ఆదివారం దాకా పాటించే దినక్రమం. నిద్ర లేచే వేళ, చదువు, బోధన, భోజనం, ఇంటికి ఫోన్ చేయడం, బట్టలు ఉతుక్కోవడం అన్నీ ఇందులోకి వస్తాయి. అమెరికాలోని యూటా రాష్ట్రం, సాల్ట్ లేక్ సిటీలో ఉన్న కేంద్ర కార్యాలయం ఈ క్రమాన్ని రూపొందిస్తుంది. నియమాలు ప్రపంచమంతటా దాదాపు ఒకటే. అవి అమలయ్యే తీరు మాత్రం ఊరిని బట్టి మారుతుంది, అందులోనూ చిన్న ఊళ్లలో బాగా మారుతుంది. ఈ వ్యాసం తెలుగు ప్రాంతపు అనుభవాన్ని, ముఖ్యంగా కె.గంగవరం ఉన్న గోదావరి డెల్టాను దృష్టిలో పెట్టుకుని ఆ వారాన్ని వివరిస్తుంది.

పేర్లు, పదాలు

జోసెఫ్ స్మిత్ 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో ఈ సంఘాన్ని స్థాపించాడు. అదే ఏడాది వెలువడిన మోర్మన్ గ్రంథము అనే లేఖనం పేరు మీదుగానే బయటివాళ్లు సభ్యులను మార్మన్లు అంటారు. ఆ పిలుపు మానుకుని పూర్తి పేరే వాడాలని అప్పటి సంఘాధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ 2018లో కోరాడు. వాడుకలో పాత పేరే నిలిచింది కనుక ఇక్కడా అదే వాడుతున్నాం. మగ మిషనరీని ఎల్డర్ అని, ఆడ మిషనరీని సిస్టర్ అని ఇంటిపేరుతో కలిపి పిలుస్తారు. సేవాకాలం ముగిసేదాకా తోటివాళ్లు కూడా అసలు పేరుతో పిలవరు. ఛాతీ మీద నల్లటి పేరుబిళ్ల ఉంటుంది. మిషనరీ బోధిస్తున్న వ్యక్తి ఇంకా సభ్యుడు కాడు. బాప్తిస్మం, ఆపైన హస్తనిక్షేపణతో జరిగే నిర్ధారణ పూర్తయ్యాకే సభ్యుడవుతాడు.

స్థానిక సంఘం చిన్నదైతే బ్రాంచి, పెద్దదైతే వార్డు. కొన్ని వార్డులు కలిస్తే స్టేకు. మిషనరీల పాలన వీటితో సంబంధం లేకుండా వేరే నడుస్తుంది. నాలుగైదు జోడీలు ఒక డిస్ట్రిక్టు, కొన్ని డిస్ట్రిక్టులు ఒక జోను, జోన్లన్నీ కలిసి ఒక మిషను. మిషను అధ్యక్షుడు సతీసమేతంగా మూడేళ్లు పనిచేస్తాడు.

చరిత్ర

*మద్రాసు, 1853.* మార్మన్ మిషనరీలు తెలుగు నేలకు దగ్గరగా తొలిసారి వచ్చింది కంపెనీ కాలంలో. కలకత్తాలో 1851లో మొదలైన చిన్న ప్రయత్నానికి తోడుగా 1853 ఏప్రిల్‌లో అమెరికా నుంచి ఒక బృందం ఓడ దిగింది. అందులోని రిచర్డ్ బాలంటైన్, రాబర్ట్ స్కెల్టన్ అదే ఏడాది మద్రాసు వెళ్లారు. బాలంటైన్ అప్పటికే సాల్ట్ లేక్‌లో తమ సంఘపు మొదటి సండే స్కూలు నడిపినవాడు. మద్రాసులో వాళ్లు కరపత్రాలు వేశారు, 1854లో చిన్న మాసపత్రిక కూడా తెచ్చారు. వాళ్ల మాట విన్నది ఎక్కువగా ఇంగ్లిషు సిపాయిలు, యూరేషియన్లు. దేశభాషల జోలికి పెద్దగా పోలేదు. 1856 నాటికి ఆ ప్రయత్నం చాలావరకు ముగిసింది. ఆపైన శతాబ్దానికి పైగా దక్షిణాదిలో వాళ్ల ఉనికి నామమాత్రం.

*హైదరాబాదు, 1978.* రెండో ఆరంభం పూర్తిగా తెలుగువారిది. కీటక శాస్త్రవేత్త ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ పసిఫిక్ మహాసముద్రంలోని సమోవాలో ఉండగా ఈ సంఘంలో చేరారు. 1978లో ఆ దంపతులను స్వల్పకాల మిషనరీలుగా హైదరాబాదుకు పంపారు. వాళ్లు వెళ్లింది అపరిచితుల గడపలకు కాదు, సొంత బంధువుల ఇళ్లకే. బంధువులు కొందరు బాప్తిస్మం పొందడంతో అక్కడ సంఘం ఏర్పడింది. మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే పనిని ఎల్సీ తండ్రి చేపట్టాడు. ఆయన క్రైస్తవ బోధకుడు. అందులోని ఎంపిక చేసిన భాగాలు 1980లలో అచ్చయ్యాయి, తరవాత పూర్తి గ్రంథం వచ్చింది. అనువాదం నడక మన పాత తెలుగు బైబిలుకు దగ్గరగా ఉండటం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

*1993 తరువాత.* 1993లో బెంగుళూరు కేంద్రంగా భారతదేశానికి ప్రత్యేక మిషను ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు గురుచరణ్ సింగ్ గిల్ పంజాబులో పుట్టి, అమెరికాలో గణితాచార్యుడిగా పనిచేసినవాడు. 2007లో న్యూఢిల్లీ కేంద్రంగా రెండో మిషను వచ్చింది. దేశంలో మొట్టమొదటి స్టేకు 2012 మే నెలలో హైదరాబాదులో ఏర్పడింది. తీరాంధ్రలో విశాఖపట్నం, కాకినాడ, రాజమహేంద్రవరం పట్టణాల్లో సంఘాలు నిలిచాయి. 2018 ఏప్రిల్‌లో దేశంలో తొలి దేవాలయాన్ని బెంగుళూరులో కట్టనున్నట్టు ప్రకటించారు. మార్మన్ల దేవాలయం ఆదివారపు ఆరాధన స్థలం కాదు. వివాహాన్ని శాశ్వత బంధంగా ముద్ర వేయడం వంటి ప్రత్యేక విధుల కోసం అర్హత పొందిన సభ్యులే అందులో అడుగుపెడతారు.

కె.గంగవరం, పరిసరాలు

కె.గంగవరం మండలం గౌతమి గోదావరి ఎడమ ఒడ్డున, రామచంద్రపురానికి దక్షిణంగా ఉంది. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరిని విడదీసినప్పుడు కొత్త కోనసీమ జిల్లాలోకి వచ్చింది. సంప్రదాయ దృష్టిలో కోనసీమ అంటే గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్న లంక. ఆ లెక్కన ఈ మండలం ఏటికి అవతలిది. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరంలో దిగితేనే పాతవాళ్ల కోనసీమ. కోటిపల్లి సోమేశ్వరాలయం, పక్కనే పంచారామాల్లో ఒకటైన ద్రాక్షారామ భీమేశ్వరాలయం వల్ల కార్తిక మాసంలో ఈ దారులన్నీ యాత్రికులతో నిండుతాయి.

ఇక్కడి క్రైస్తవం ఇక్కడికి వచ్చిన మార్మన్ల కంటే దాదాపు శతాబ్దంన్నర పెద్దది. 1836లో ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు యువకులు భార్యలతో సహా వచ్చి నర్సాపురంలో కాపురం పెట్టారు. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. ఏ సొసైటీ జీతమూ లేకుండా బతికిన ఈ బ్రదరెన్ మిషనరీల పని పాలకొల్లు, అమలాపురం వైపు పాకి గోదావరి డెల్టా మిషను అయింది. గౌతమికి ఇవతల బాప్టిస్టుల వంతు. తెలుగువాడైన థామస్ గేబ్రియల్ కాకినాడలో మొదలుపెట్టిన పనిని 1874లో జాన్ మెక్‌లారిన్ ద్వారా కెనడా బాప్టిస్టు మిషను అందుకుంది. రామచంద్రపురం ఆ మిషను కేంద్రాల్లో ఒకటైంది. కుష్ఠు రోగుల ఆశ్రమం ద్వారా అక్కడి మిస్ హ్యాచ్ పేరు నిలిచింది. కాటన్ ఆనకట్ట పూర్తయిన 1852 తరవాత తవ్విన కాలువలే వీళ్ల రోడ్లు. ఇంటిపడవలో పెట్టెబేడా సర్దుకుని వారాల తరబడి ఊరూరా తిరిగేవారు. ఆనాటి మిషనరీ ఇరవై, ముప్పై ఏళ్లు ఉండి తెలుగు నేర్చి ఇక్కడి మట్టిలో కలిసేవాడు. మార్మన్ మిషనరీ రెండేళ్లు నిండేసరికి వెళ్లిపోతాడు. ఈ తేడా తెలియకపోతే వాళ్ల వారచర్యలోని హడావిడి అర్థం కాదు.

నేడు డెల్టా పేటల్లో బాప్టిస్టు, బ్రదరెన్, రోమన్ కాథలిక్ సంఘాలతో పాటు స్వతంత్ర పెంతెకొస్తు ప్రార్థన మందిరాలూ ఉన్నాయి. అందువల్ల ఈ ప్రాంతానికి వచ్చే మార్మన్ జోడీకి ఎదురయ్యే వినేవాడు చాలాసార్లు బైబిలు బాగా తెలిసిన క్రైస్తవుడే.

రకాలు

పూర్తికాల మిషనరీల్లో పెద్ద వర్గం యువతీయువకులది. మగవాళ్లు 24 నెలలు, ఆడవాళ్లు 18 నెలలు పనిచేస్తారు. 2012 అక్టోబరులో కనీస వయసును మగవాళ్లకు 19 నుంచి 18కి, ఆడవాళ్లకు 21 నుంచి 19కి తగ్గించారు. దాంతో ఇంటర్ ముగించిన వెంటనే వెళ్లే వీలు కలిగింది. ప్రపంచవ్యాప్తంగా వీళ్ల సంఖ్య 2014 చివరికి 85 వేలు దాటింది. కోవిడ్ వల్ల 2020 చివరికి 52 వేల లోపుకు పడిపోయి, ఆ తరవాత మళ్లీ పెరిగింది.

ఉద్యోగ విరమణ చేసిన వృద్ధ దంపతులు మరో వర్గం. వీళ్లకు కఠిన దినక్రమం ఉండదు. కార్యాలయ పనో, మానవతా సహాయమో, స్థానిక నాయకుల శిక్షణో చూస్తారు. ఆరోగ్య కారణాల వల్ల దూరం వెళ్లలేనివాళ్లు ఇంటి దగ్గరే ఉండి సేవా మిషనరీలుగా పనిచేస్తారు.

పిలుపు, శిక్షణ, ఖర్చు

మిషనరీ తన ఊరు తాను ఎంచుకోడు. స్థానిక నాయకుల ఇంటర్వ్యూలు, వైద్య పరీక్షలు అయ్యాక దరఖాస్తు కేంద్రానికి వెళుతుంది. ఏ మిషనుకు పంపుతున్నారో, ఏ భాషలో బోధించాలో చెప్పే లేఖ అక్కడి నుంచి వస్తుంది. తరవాత శిక్షణ కేంద్రంలో కొన్ని వారాలు గడుస్తాయి. యూటాలోని ప్రోవో కేంద్రం పెద్దది, ఆసియాలో మనీలా కేంద్రం ఎన్నాళ్లుగానో ఉంది. 2020 తరవాత శిక్షణలో కొంత భాగం ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో జరుగుతోంది.

జీతం లేదు. మిషనరీ గానీ, అతని కుటుంబం గానీ నెలనెలా సంఘానికి కొంత చెల్లిస్తారు. అమెరికా వంటి దేశాల వారికి అది 2020 జూలై నుంచి నెలకు 500 డాలర్లు, అంతకు ముందు 400. ఖరీదైన ఊరికి వెళ్లినా చవకైన ఊరికి వెళ్లినా ఇంటివాళ్లు కట్టేది ఒకటే. అంత చెల్లించలేని దేశాల వారికి కేంద్ర నిధి తోడ్పడుతుంది. అద్దె సంఘమే చూసుకుంటుంది. తిండికీ ప్రయాణానికీ నెలకింత అని మిషను కార్యాలయం పంపుతుంది. తోటి వయసు కుర్రాళ్లు ఇంజనీరింగు సీట్ల కోసమో గల్ఫ్ వీసా కోసమో తిరుగుతున్న కోనసీమలో, జీతం లేని రెండేళ్లంటే ఇంటివాళ్లకు ఏమంత తేలిక నిర్ణయం కాదు.

దినక్రమం

చాలాకాలం పాటు ప్రపంచమంతటా ఒకే గడియారం నడిచింది. ఉదయం 6:30కి లేవాలి, అరగంట వ్యాయామం చేయాలి, స్నానం, అల్పాహారం ముగించాలి. 8 గంటలకు ఒక్కడే కూర్చుని లేఖనాలు చదవాలి. 9కి జోడీ కలిసి ఆ రోజు బోధించబోయే పాఠం చూసుకోవాలి. కొత్త భాష నేర్చుకునేవాళ్లకు అదనంగా భాషాభ్యాసం ఉంటుంది. 10కి బయట పడాలి, రాత్రి 9కి, పాఠం నడుస్తుంటే 9:30కి ఇల్లు చేరాలి, 10:30కి దీపాలార్పాలి. 2017లో ఈ పట్టు సడలింది. స్థానిక వాతావరణాన్ని, అలవాట్లను బట్టి వేళలు మార్చుకునే వీలు మిషను అధ్యక్షులకు వచ్చింది.

డెల్టా పల్లెల్లో ఆ సడలింపు ఎందుకు అవసరమో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. వరి నాట్లు, కోతలు నడిచే రోజుల్లో పొద్దున్నే పొలానికి వెళ్లిన మనిషి చీకటి పడ్డాకే స్తిమితంగా కూర్చుంటాడు. వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఎండకు, ఉక్కకు ఎవరూ గడప దాటరు. ఆ వేళ తలుపు తడితే మర్యాదగా ఉండదు కూడా. కాబట్టి అసలు పని సాయంత్రం 6 నుంచి 8:30 మధ్య ఇరుకుతుంది. పగటి వేళ చదువు, సభ్యుల పరామర్శ, సేవాకార్యాలు సాగుతాయి.

వారం

*సోమవారం.* చాలా మిషన్లలో ఇది సన్నాహక దినం. దీన్ని సెలవు అనడం పూర్తిగా సరికాదు. బట్టలు ఉతుక్కోవడం, గది శుభ్రం చేసుకోవడం, కిరాణా సామాన్లు, క్షవరం, బూట్ల మరమ్మతు ఆ రోజే కావాలి. తోటి మిషనరీలతో వాలీబాల్, క్రికెట్ వంటి ఆటలు, దగ్గర్లోని చూడదగ్గ చోట్లకు వెళ్లడం కూడా ఆ రోజే. సాయంత్రం 6కి మళ్లీ పేరుబిళ్ల పెట్టుకుని పనిలో దిగాలి. సోమవారం రాత్రి మార్మన్ కుటుంబాలు ఇంట్లో కూర్చుని ప్రార్థన, పాఠం, ఆట కలిపి జరుపుకునే ఆనవాయితీ ఉంది. మిషనరీలు ఏదో ఒక కుటుంబంతో కలుస్తారు.

ఇంటికి ఉత్తరం రాసేదీ, అధ్యక్షుడికి వారపు లేఖ పంపేదీ సోమవారమే. 2019 ఫిబ్రవరి దాకా మిషనరీ ఇంటికి ఫోన్ చేయగలిగింది ఏడాదికి రెండుసార్లు, క్రిస్మస్‌కూ మాతృదినోత్సవానికీ. మిగతా రోజుల్లో ఉత్తరాలు, ఈమెయిళ్లు. ఆ నెలలో నియమం మారి వారానికోసారి ఫోన్ గానీ వీడియో కాల్ గానీ అనుమతించారు. ఈ మధ్య దశాబ్దాల్లో మిషనరీ జీవితంలో వచ్చిన మార్పుల్లో వయసు తగ్గింపు తరవాత ఇదే పెద్దదని చెప్పవచ్చు.

గోదావరి జిల్లాల్లో ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన నియమం ఒకటుంది. మిషనరీలు ఈత కొట్టరాదు, సన్నాహక దినాన కూడా. ఊరికో కాలువ, పేటకో రేవు ఉన్న చోట, ఎండాకాలం పిల్లలంతా నీళ్లలోనే ఉండే చోట, వీళ్లు గట్టు మీద నుంచి చూడాల్సిందే.

*మంగళ, బుధవారాలు.* ఈ రెండు రోజుల్లో ఒకటి డిస్ట్రిక్టు సమాలోచనకు పోతుంది. చుట్టుపక్కల జోడీలన్నీ ఒకచోట చేరి ఎవరికి బోధిస్తున్నారు, ఎక్కడ ఆగిపోయారు అన్నది మాట్లాడుకుంటాయి. పట్టణంలో ఇది గంటన్నర పని. చిన్న ఊళ్లో ఉన్న జోడీకి పల్లెవెలుగు బస్సు, షేర్ ఆటో మారి వెళ్లి రావడంతో ఒక పూట గడిచిపోతుంది. తన భాష మాట్లాడే మరో మిషనరీని కలిసే అవకాశం వారంలో అరుదు కనుక ఆ ప్రయాణం ఎవరికీ బరువనిపించదు.

*గురువారం.* చాలాచోట్ల వారపు ప్రణాళిక గురువారమో శుక్రవారమో వేసుకుంటారు. బోధన వినేవారి పేర్లు ఒక్కొక్కటిగా తీసి, ఎవరు ఆదివారం ఆరాధనకు వచ్చారు, ఎవరు బాప్తిస్మానికి తేదీ ఒప్పుకున్నారు, కొత్తగా ఎవరికి చెప్పడం మొదలైంది అని లెక్క చూస్తారు. ఈ అంకెలు వారం వారం పైకి వెళతాయి. ఇదివరకు ఒక చిన్న పుస్తకంలో పెన్సిలుతో రాసుకునేవారు, ఇప్పుడు సంఘం ఇచ్చిన స్మార్ట్‌ఫోన్‌లోని యాప్‌లో నమోదు చేస్తున్నారు. అంకెల ఒత్తిడి గురించి పూర్వ మిషనరీలు తమ జ్ఞాపకాల్లో తరచూ రాస్తుంటారు. జోడీ తమలో తాము ఒకరి మీద ఒకరికున్న ఇబ్బందులు చెప్పుకోవడం కూడా ఈ కూర్చోవడంలో భాగమే.

*శుక్ర, శనివారాలు.* బోధనకూ సేవకూ ఇవే చిక్కని రోజులు. పాఠాలకు ఆధారం 2004లో మొదట వెలువడి 2023లో మారిన ‘నా సువార్తను ప్రకటించుడి’ అనే మార్గదర్శి. కొత్త కూర్పులో పాఠాలు నాలుగు: సువార్త పునఃస్థాపన, రక్షణ ప్రణాళిక, క్రీస్తు సువార్త, జీవితకాల శిష్యత్వం. బట్టీ పట్టి అప్పజెప్పే పాత పద్ధతి 2004తోనే పోయింది. చాలా దేశాల్లో ఉచిత ఇంగ్లిషు తరగతులు కూడా మిషనరీల పనిలో భాగం. బాప్తిస్మం అడిగిన వ్యక్తిని, అతనికి బోధించని మరో మిషనరీ నాయకుడు ఇంటర్వ్యూ చేస్తాడు. బాప్తిస్మపు విధులు తరచు శనివారమో ఆదివారమో పెట్టుకుంటారు.

*ఆదివారం.* ఆరాధనలో కీలకం రొట్టె, నీళ్లతో జరిగే సంస్కారం. ద్రాక్షరసం వాడరు. 2019 జనవరి నుంచి మొత్తం కూడిక మూడు గంటల నుంచి రెండు గంటలకు తగ్గింది. జీతం తీసుకునే పాస్టరు ఉండడు. బ్రాంచి అధ్యక్షుడు వారమంతా తన ఉద్యోగమో వ్యాపారమో చేసుకునే మనిషే. ప్రసంగాలు సభ్యులు వంతులవారీగా చేస్తారు. చిన్న బ్రాంచిలో ప్రసంగం, పియానో, పిల్లల తరగతి, రొట్టె పంచడం ఏది తక్కువైతే అది మిషనరీ మీద పడుతుంది. కీబోర్డు, డోలక్ లేనిదే ఆరాధన ఊహించని డెల్టా క్రైస్తవులకు ఈ నిశ్శబ్దపు కూడిక చప్పగా తోచడం సహజం. నెలలో మొదటి ఆదివారం ఉపవాసం. రెండు పూటల తిండి మాని, ఆ ఖర్చును పేదల కానుకగా ఇస్తారు.

ఆహారం, అతిథి మర్యాద

1833 నాటి ‘జ్ఞాన వాక్యము’ ప్రకారం మద్యం, పొగాకుతో పాటు కాఫీ, టీలు కూడా నిషిద్ధం. గోదావరి జిల్లాల్లో మిషనరీకి అన్నిటికంటే తరచుగా ఎదురయ్యే చిక్కు ఇదే. ఏ ఇంటికి వెళ్లినా కూర్చోమన్న రెండో మాటకే టీ గ్లాసు చేతికొస్తుంది. వద్దంటే ఆ ఇంటి నీళ్లు తాగనన్నట్టు ధ్వనిస్తుంది. దళిత పేటల్లో ఆ ధ్వనికి కుల చరిత్ర ఉంది. ఒకప్పుడు ఎవరు ఎవరింట్లో నీళ్లు ముట్టరన్నది ఇంకా మరిచిపోయే సంగతి కాదు. ఈ కారణం వల్లే టీ మానడం కన్నా మానుతున్నామని చెప్పే తీరు ముఖ్యమవుతుంది. మజ్జిగ, నిమ్మరసం, పాలు, కొబ్బరి బోండాం దేనికీ అభ్యంతరం లేదు. కొబ్బరి చెట్టు లేని దొడ్డి అరుదైన ఈ సీమలో ప్రత్యామ్నాయానికి కొరత రాదు. ఊళ్లో టీ కొట్టు దగ్గర నిలబడి మాటలు కలపడమనే సదుపాయం మాత్రం వీళ్లకు లేనట్టే.

మాంసం, చేపలపై నిషేధం లేదు. మితంగా తినమంటారు.

జోడీ, బదిలీ

మిషనరీ ఎప్పుడూ ఒంటరిగా ఉండడు. స్నానాల గది తప్పిస్తే సహచరుడు కనుచూపు మేరలో ఉండాలి. సుమారు ఆరు వారాలకోసారి బదిలీల జాబితా వస్తుంది. ఒకరు మారవచ్చు, ఇద్దరూ మారవచ్చు, ఎవరూ మారకపోవచ్చు. కొత్తవాడికి తొలి పన్నెండు వారాలు ఒక శిక్షకుడు జోడీగా ఉంటాడు. భారతదేశంలో ఆ జోడీలో ఒకరు తెలుగు, మరొకరు తమిళమో ఒడియానో హిందీనో మాట్లాడేవాళ్లు కావచ్చు. పాఠం ఒకరు చెబుతుంటే రెండోవాడు అర్థమైనట్టు తలూపడంతో నెలలు గడుస్తాయి.

వ్యతిరేక లింగ వ్యక్తితో ఒంటరిగా ఉండకూడదు. ప్రేమ వ్యవహారాలు, సినిమాలు, టీవీ, సంఘం ఆమోదించని సంగీతం నిషిద్ధం. సినిమా పాట మైకులో వినపడని పండుగ లేని చోట ఈ చివరి నియమాన్ని అక్షరాలా పాటించడం ఎవరి తరమూ కాదు. మగవాళ్లకు తెల్ల చొక్కా, టై. 2018 డిసెంబరు నుంచి ఆడవాళ్లు ప్యాంటు కూడా వేసుకోవచ్చు. 2020లో కొన్ని ప్రాంతాల్లో టై లేకుండా, నీలిరంగు చొక్కాతో తిరిగే వెసులుబాటు ఇచ్చారు.

చట్ట పరిధి

రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కునిస్తుంది. ప్రచార హక్కు మరొకరిని మతం మార్చే హక్కు కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2007 నాటి చట్టం తిరుమల వంటి నిర్దేశిత ఆరాధనా స్థలాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధించింది. విదేశీ మిషనరీలకు వీసా నిబంధనలు స్వాతంత్ర్యం తరవాత క్రమంగా బిగిశాయి. ఈ కారణాలన్నిటి వల్ల ఇక్కడ పేరుబిళ్లతో తిరిగే యువకుడు అమెరికన్ అయ్యే అవకాశం తక్కువ. హైదరాబాదువాడో, విశాఖవాడో, చెన్నైవాడో అయ్యే అవకాశం ఎక్కువ. పాశ్చాత్య దేశాల్లోలా వీధి వెంట ఇల్లిల్లూ తట్టే పద్ధతి కంటే, సభ్యులు పరిచయం చేసిన బంధుమిత్రులకు చెప్పడం మీదే వీళ్లు ఆధారపడతారు. ఎడ్విన్ ధర్మరాజు దంపతులు నడిచిన దారీ అదే.

సంఘం తన సొంత కట్టుబాట్లూ పెట్టుకుంది. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మైనరుకు, జీవిత భాగస్వామి సమ్మతి లేకుండా వివాహితులకు బాప్తిస్మం ఇవ్వరు. భార్యో భర్తో కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిచేసే ఇళ్లు కోనసీమలో కొల్లలు. అలాంటి ఇంట్లో ఈ సమ్మతి ఫోన్‌లోనే తేలాలి.

చట్టపరమైన మరో పర్యవసానం కులానికి సంబంధించినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులే షెడ్యూల్డ్ కులాల పరిధిలోకి వస్తారు. క్రైస్తవం స్వీకరించిన దళితులను రాష్ట్రం బీసీ-సి వర్గంలో చేర్చింది. ప్రతి సభ్యుడి పేరూ, తేదీలూ పకడ్బందీగా నమోదు చేసే మార్మన్ పద్ధతికి ఈ నేపథ్యంలో అదనపు బరువు వస్తుంది. స్థానిక స్వతంత్ర సంఘాల్లో రికార్డు అంత గట్టిగా ఉండదు.

ఆదరణ, విమర్శ

డెల్టా క్రైస్తవులకు నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మం కొత్త కాదు. బాప్టిస్టులు, బ్రదరెన్ వారు కాలువల్లో, గోదావరిలో తరతరాలుగా ఇస్తున్నదే. అయితే మార్మన్లు ఇతర సంఘాల బాప్తిస్మాన్ని గుర్తించరు, మళ్లీ తీసుకోవాలంటారు. తాతల నాటి బాప్టిస్టు ఇంట్లో సంభాషణ ఎక్కువగా ఇక్కడే ఆగిపోతుంది. ఎదుటి పక్షం కూడా అంతే. మార్మన్ల బాప్తిస్మం చెల్లదని 2001లో వాటికన్ ప్రకటించింది. బైబిలుకు తోడు మరో లేఖనం, త్రిత్వంపై భిన్న బోధ, ప్రవక్తలు నేటికీ ఉన్నారన్న నమ్మకం కారణంగా చాలా ప్రొటెస్టెంటు సంఘాలు వీళ్లను క్రైస్తవ శాఖగా ఒప్పుకోవు. బహుభార్యాత్వం గురించి అడగని ఊరుండదు. సంఘం 1890లోనే ఆ ఆచారాన్ని అధికారికంగా విడిచిపెట్టింది, నేడు పాటించేవారిని బహిష్కరిస్తుంది.

వారచర్యపై వేరే విమర్శలున్నాయి. పద్దెనిమిదేళ్ల వయసులో కుటుంబానికి దూరంగా, ప్రతి గంటకూ లెక్క చెప్పే జీవితం మానసిక ఒత్తిడి పెంచుతుందని పూర్వ సభ్యులు అంటారు. ఇటీవలి సంవత్సరాల్లో వేళల సడలింపు, వారపు ఫోన్ కాల్, మానసిక ఆరోగ్య సలహాదారుల ఏర్పాటు ఈ విమర్శకు కొంత సమాధానంగా వచ్చాయి. అనుకూలంగా చెప్పేవారు క్రమశిక్షణ, సభలో మాట్లాడే ధైర్యం, పరభాష నేర్చుకునే అవకాశం వంటి లాభాలను ఎత్తిచూపుతారు. తెలుగు యువత విషయంలో ఇంగ్లిషు మెరుగుపడటం, ఇతర రాష్ట్రాల్లో ఇంటివాళ్ల అండ లేకుండా నెగ్గుకురావడం ప్రత్యక్ష ఫలితాలు.

గడువు ముగిసిన మిషనరీ సొంత ఊరు చేరి, తనను పంపిన స్టేకు అధ్యక్షుడి ఎదుట విడుదల పొందాకే పేరుబిళ్ల తీస్తాడు. తిరిగొచ్చినవారికి పెళ్లి చేసుకోమని, చదువు కొనసాగించమని సంఘం సలహా ఇస్తుంది. చిన్న సంఘాలున్న తెలుగు పట్టణాల్లో స్వమతంలో సంబంధం వెతకడం కష్టం. అందుకే హైదరాబాదు, బెంగుళూరు, విశాఖల్లో జరిగే యువజన సమావేశాలు ఆ అవసరాన్నీ తీరుస్తాయి. ఇరవయ్యొకటి, ఇరవైరెండేళ్లకే బ్రాంచి అధ్యక్షుడికి సలహాదారుగానో, సండే స్కూలు నాయకుడిగానో బాధ్యత అందుకునేది కూడా ఎక్కువగా వీళ్లే.